శివారు

నలభై మూడు వేల ఆరొందలు.
పాకెట్ డైరీలో ఎర్ర పెన్నుతో రాసి
కింద రెండు గీతలు కొట్టాను.
గీతలైతే పడ్డాయి గానీ
లెక్క మూతపడలేదు.

ఇది ఆరో శనివారం.
పాలకొల్లు నుంచి బండి తీసి
కాలువ గట్టు మీదుగా జానకిరామరాజు గారి మేడకి.
గేటు దగ్గర కుక్క కూడా మొరగడం మానేసింది,
ఇంటి మనిషిననుకుంటోంది.

"రావయ్యా మేస్త్రీ, కాఫీ తాగు."

ఈ కాఫీ సంగతి నాకు తెలుసు.
స్టీలు గ్లాసు అంచు పెదవికి చురుక్కుమనేలోపే
అడగాల్సిన మాట లోపలికి జారిపోతుంది.
ఖాళీ గ్లాసు కింద పెట్టాక
"మరి ఉంటానండి" తప్ప
నోట్లో ఇంకేం మిగలదు.

ఆయన మాత్రం మాట్లాడతాడు.
రొయ్యకి తెల్లమచ్చ వచ్చిందట.
వంద కౌంటు రేటు పడిపోయిందట.
ప్లాంటువాడు రెండు లోడ్ల డబ్బు ఆపేశాడట,
వాడికి పైనెవడో పంపలేదట.
అబద్ధం కాదు. మొహం చూస్తే తెలుస్తోంది,
ఈయనా ఎవరి వరండాలోనో
కాఫీ తాగొచ్చినవాడే.

లోపల బాత్రూంలో ఎవరో స్నానం చేస్తున్నారు.
నా చెవి అటే పోతుంది.
నీళ్ళు పడుతున్నాయి, జారుతున్నాయి,
జాలీలోకి గుటుక్కున దిగుతున్నాయి.
మూలల్లో చారెడు కూడా నిలవదు.
ఆ వాటం నాది.

ఉప్పు కక్కే గోడలవి.
చెరువుల నీరు పునాదిలోంచి పైకెక్కి
నడుమెత్తు దాకా సున్నం పొట్టు రాల్చేసేది.
పాత గిలాబా ఇటుక కనపడేదాకా చెక్కించి,
పైన బాత్రూంకి మందు రెండు కోట్లు పూసి,
ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళు నిలగట్టి,
కింద గదిలో నిచ్చెనెక్కి
సీలింగుకి చెంప ఆనించి చూసుకున్నాను,
తడి తగులుతుందేమోనని.

పైపు ఏ టైలు వెనక మెలి తిరిగిందో
వీళ్ళకంటే నాకే బాగా తెలుసు.
సుత్తి దెబ్బ ఒక్కటి చాలు.
ఆ ఆలోచన వచ్చిన మాట నిజం.
చేతికే సిగ్గేసింది.
పాపం, టైలు ఎవరికీ బాకీ లేదు.

"వచ్చే వారం చూద్దాంలే మేస్త్రీ."

తిరిగొచ్చేటప్పుడు కాలువలో నీళ్ళు కనపడ్డాయి.
దాళ్వాకి వదిలిన వంతుల నీళ్ళు.
లాకుల దగ్గర రంకెలేసి దూకినదల్లా
బోదె బోదెకీ మళ్ళి, తూము తూముకీ చిక్కి
శివారుకొచ్చేసరికి
కప్ప కాలు తడవదు.
నేనే శివారు చేనుననుకుంటూ
బండి తోలాను.
నా తర్వాత ఇంకెవరూ లేరనుకుంటూ.

ఇంటి ముందు మెట్టు మీద మరిడమ్మ కూర్చునుంది.
రాజుగారి పై అంతస్తు నుంచి
గిలాబా పెళ్ళలు తట్టల్లో దింపిన మనిషి.
నాలుగు రోజుల కూలి ఉంది.
నా నోరు దానంతటదే తెరుచుకుంది:
"వచ్చే వారం చూద్దాంలే మరిడమ్మా."
అదే గొంతు.
చివర్లో ఆ కాస్త సాగదీత కూడా
రాజుగారిదే.

మా ఆవిడ టీ తెచ్చింది.
మరిడమ్మ గ్లాసు వంక చూసి
తల అడ్డంగా ఊపింది.
"వద్దమ్మా. తాగితే లేవాలి గదా."

అంతే. కూర్చుంది.
గొడవ లేదు, శాపనార్థాల్లేవు.
పక్కింటి టీవీలో ఒక సీరియల్ అయిపోయి
ఇంకోటి మొదలైంది.
నేను లోపలికీ బయటికీ తిరిగాను.
చివరికి టైలు కట్టర్ గోనెసంచిలో చుట్టి
హార్డ్‌వేర్ కొట్టు గంగరాజు దగ్గర పెట్టి
రెండువేల నాలుగొందలు తెచ్చి ఇచ్చాను.
లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది.
కొంగున ముడేశాక అడిగింది,
"టీ ఉందా అమ్మా ఇంకా?"

ఆదివారం పొద్దున్నే
రాజుగారి వరండాలో ఉన్నాను.
కాఫీ వచ్చింది.
ముట్టుకోలేదు.
పైన మీగడ కట్టింది, కాసేపటికి ముడతపడింది.
ఆయన పేపరు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.
"చల్లారిపోతోందయ్యా."
"చల్లారనివ్వండి" అన్నాను.

లోపల ఎవరో కుళాయి విప్పారు.